మాట్లాడే రేడియోకు మాత్రం లైసెన్సు ఉంది
వాకీటాకీ కొనబోయే ముందు తెలుసుకోవలసిన సంగతులు

అవనిగడ్డ : ఒకప్పుడు ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు కట్టి రావలసి వచ్చేది. ఆ లైసెన్సు ఎత్తివేసి చాలా ఏళ్లయింది. అందువల్లనే కాబోలు, రేడియో అంటే ఇక ఏ అనుమతీ అక్కర్లేదన్న అభిప్రాయం పల్లెల్లో పాతుకుపోయింది. వినే రేడియో వరకు అది నిజమే. మాట్లాడే రేడియోకు మాత్రం ఈనాటికీ చట్టం ఉంది, లైసెన్సు ఉంది. అనుమతి లేని సెట్టుతో మాట్లాడటమే కాదు, దానిని దగ్గర ఉంచుకోవడమే నేరమని 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం చెప్పింది. ఈ పాత చట్టాల స్థానంలోకి తేవడానికి పార్లమెంటు 2023లో టెలికమ్యూనికేషన్స్ చట్టం చేసినపుడు కూడా ఈ పద్ధతి మారలేదు.

రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండేవారికి, సిగ్నలు సరిగా అందని లంకల్లో పని చేసేవారికి వాకీటాకీ ఉంటే బాగుండునని అనిపించడం సహజం. సెల్‌ఫోను నేరుగా మరో సెల్‌ఫోనుతో మాట్లాడదు. ఒకే గట్టు మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు ఉండి మాట్లాడుకొన్నా మాట టవరుకు వెళ్లి రావలసిందే. టవరుకు కరెంటు పోయి, బ్యాటరీలు దిగిపోతే రెండు ఫోన్లూ మూగవైపోతాయి. వాకీటాకీకి టవరు బెడద లేదు, నెలనెలా డబ్బు కట్టే పని లేదు. ఈ చేతిలోని సెట్టు ఆ చేతిలోని సెట్టును నేరుగా పలకరిస్తుంది. అయితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం కుదరదు. బొత్తాం నొక్కినంతసేపు మాట్లాడటమే తప్ప అవతలివారి మాట వినిపించదు. ‘‘బాబాయ్, నాలుగో చెరువులో ఏరియేటర్ ఆగిపోయింది, ఓవర్’’ అని బొత్తాం వదిలితేనే, ‘‘వస్తున్నారా, నువ్వక్కడే ఉండు’’ అన్న జవాబు చెవిన పడుతుంది. ‘ఓవర్’ అన్న మాట నా వంతు అయిపోయింది, ఇక నీ వంతు అని చెప్పడానికే. ఇంకొక సంగతి. ఆ చానలులో ఎవరు సెట్టు పెట్టుకొని ఉన్నా ఈ మాటలన్నీ వింటారు. రొయ్య ఎప్పుడు పట్టేదీ, ఇంట్లో డబ్బు ఎంత ఉన్నదీ వాకీటాకీలో చెప్పుకోకపోవడం మంచిది.

లైసెన్సు అక్కర్లేని సెట్లు అసలే లేవా అంటే, ఉన్నాయి. రేడియోలో ముల్లు తిప్పి ఒక్కో స్టేషనును ఒక్కో అంకె దగ్గర పట్టుకొన్నట్లే, వాకీటాకీలు కూడా ఏదో ఒక అంకె మీద పని చేస్తాయి. ఈ అంకెలను మెగాహెర్ట్జ్‌లలో లెక్కిస్తారు. వీటిలో 446.0 నుంచి 446.2 వరకు ఉన్న చిన్న ముక్కను తక్కువ శక్తి గల చేతి సెట్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2018లో లైసెన్సు నుంచి మినహాయించింది. అంతకుముందే 2005లో 27 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని ‘సిటిజన్ బ్యాండు’కు అయిదు వాట్ల లోపు సెట్ల వరకు మినహాయింపు ఇచ్చింది. లైసెన్సు లేదు గదా అని ఏ సెట్టయినా చెల్లదు. ఆ రకం సెట్టును పరీక్షించి ఇచ్చే ‘ఈ.టి.ఏ.’ అనే ఆమోదం దానికి ఉండి తీరాలి. కొనేవారు అడగవలసిన మొదటి ప్రశ్న ధర కాదు. సెట్టు ఏ మెగాహెర్ట్జ్‌లో పని చేస్తుంది, ఈ.టి.ఏ. ఉన్నదా అన్నవే ముందు అడగాలి.

చిక్కంతా ఇక్కడే వస్తున్నది. ఫోనులో చూసి తెప్పించుకొనే చౌక సెట్లలో కొన్ని 136 నుంచి 174 వరకు, 400 నుంచి 480 వరకు ఎక్కడ కావాలంటే అక్కడికి తిరుగుతాయి. కొన్నవారికి అది గొప్పగానే ఉంటుంది. కానీ ఆ మేరలోనే పోలీసుల మాటలు, పడవల అత్యవసర చానలు, ఇంకా ఎన్నో సర్వీసులు ఉన్నాయి. తెలియక నొక్కిన ఒక్క బొత్తాం ఆపదలో ఉన్న పడవ కేకకు అడ్డు పడవచ్చు. పైగా అమ్మేవారు లైసెన్సు సంగతి చెప్పరు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 మే నెలలో, ఇలాంటి సెట్లను వివరాలు చెప్పకుండా అమ్మకానికి పెట్టారంటూ 13 ఆన్‌లైన్ వ్యాపార సంస్థలకు నోటీసులు ఇచ్చింది. ఆ వెంటనే మార్గదర్శకాలు కూడా వెలువడ్డాయి. అమ్మినవారి సంగతి అలా ఉంచితే, సెట్టు దొరికేది కొన్నవారి చేతిలో. డబ్బూ పోతుంది, సెట్టూ పోతుంది.

ఇక ఎంత దూరం అందుతుందన్న ప్రశ్న. అట్టపెట్టె మీద పాతిక కిలోమీటర్లని అచ్చు వేసి ఉన్నా నమ్మనవసరం లేదు. ఈ సెట్ల తరంగాలు చూపు లాంటివి. కంటికి ఎంత దూరం ఆనుతుందో, అంతకు కాస్త ఎక్కువగా ఇవి వెళతాయి. భూమి గుండ్రంగా ఉన్నది కనుక ఆ పైన నేలే అడ్డం వస్తుంది. దీనికి ఒక లెక్క ఉంది. ఏరియల్ ఎత్తు ఎన్ని మీటర్లో చూసి, దానికి వర్గమూలం కట్టి 4.12తో హెచ్చవేస్తే కిలోమీటర్లు వస్తాయి. రెండు వైపుల లెక్కా కలుపుకోవాలి. నిలబడిన మనిషి చేతిలో సెట్టు మీటరున్నర ఎత్తున ఉంటుంది. అక్కడికి అయిదు కిలోమీటర్లు, అవతలి మనిషికి ఇంకొక అయిదు, వెరసి పది. అదీ మధ్యలో చెట్టూ చేమా, ఇల్లూ వాకిలీ లేకుంటేనే. కొబ్బరి తోటలు, రేకుల షెడ్లు ఉన్న చోట అర వాటు సెట్టు రెండు మూడు కిలోమీటర్లు పలికితే అదే ఎక్కువ. వాన కురిసి తడిసిన ఆకులు ఇంకా మింగేస్తాయి.

అందుకే ఈ విద్య తెలిసినవారు వాట్లు పెంచడం కన్నా ఎత్తు పెంచడం మేలంటారు. అయిదు వాట్ల సెట్టును పది వాట్లు చేస్తే దూరం రెట్టింపు కాదు, కాస్త పెరుగుతుంది. అదే సెట్టు పట్టుకొని మేడ ఎక్కితే గట్టు మీద అందని మాట అందుతుంది. తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి మాట్లాడితే ఆ ఒక్క వైపు లెక్కే పన్నెండు కిలోమీటర్లు దాటుతుంది. సెట్టును నిలువుగా పట్టుకోవడం కూడా ముఖ్యమే. ఒకరు నిలువుగా, ఒకరు అడ్డంగా పట్టుకొంటే మాట సన్నగిల్లిపోతుంది. సెట్టును నడుముకు వేలాడదీసి మాట్లాడితే ఒంటికే సగం తగులుతుంది.

ఏరియల్ పొడవు కూడా ఇష్టం వచ్చినంత పెట్టేది కాదు. 75ను మెగాహెర్ట్జ్ అంకెతో భాగిస్తే పావు తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. 446కు 17 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. 27కు అయితే సుమారు రెండు మీటర్ల ముప్పావు, మనిషి కన్నా పొడవు. 27 మెగాహెర్ట్జ్ చేతి సెట్లలో ఇంత కడ్డీ పట్టదు గనుక తీగను చుట్టగా చుట్టి కురచ చేస్తారు. అలా కురచ చేసిన కొద్దీ దూరం తగ్గుతుంది. లైసెన్సు అక్కర్లేని సెట్ల ఏరియల్ సెట్టుకే అతికి ఉంటుంది. దాన్ని పీకి పెద్ద కడ్డీ తగిలిస్తే ఆ మినహాయింపు వర్తించదు. ఏరియల్ ఊడదీసే వీలున్న సెట్టయితే, అది లేకుండా బొత్తాం నొక్కడం అసలే కూడదు. బయటకు పోవలసిన శక్తి వెనక్కు తిరిగి సెట్టునే కాల్చివేస్తుంది.

సముద్రం మీదికి వెళ్లే మత్స్యకారుల సెట్లు వేరే జాతి. వాటిలో 16వ చానలు, అంటే 156.8 మెగాహెర్ట్జ్, ప్రపంచమంతటా ఆపద కోసం ఉంచినది. ‘మేడే’ అని మూడుసార్లు పలికి పడవ పేరు, ఉన్న చోటు, వచ్చిన ఆపద చెప్పాలి. పడవ మీద ఏరియల్ నాలుగు మీటర్ల ఎత్తున, ఒడ్డున 25 మీటర్ల టవరు ఉంటే పై లెక్క ప్రకారం దాదాపు 29 కిలోమీటర్లు అందుతుంది. ఆ దూరం దాటితే తోటి పడవలే దిక్కు. ఈ సెట్లకూ లైసెన్సు ఉన్నది. ఫోను అందే మేరలో ఉంటే కోస్టు గార్డుకు 1554కు చేయవచ్చు.

ఇదంతా రోజువారీ పనుల సంగతి. దివిసీమవాసులకు అంతకు మించిన సంగతి ఒకటి ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో టెలిఫోను తీగలు, తంతి స్తంభాలు, రోడ్లు ఒక్కసారే పోయాయి. పదివేల మంది చనిపోయినట్లు ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. ఆ నాటికి సెల్‌ఫోన్లు లేవు గనుక అలా జరిగిందనుకోవడం పొరపాటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడినపుడు అంత పెద్ద నగరంలోనే ఫోన్లు మూగబోయాయి. జేబులో ఫోను ఉన్నంత మాత్రాన గాలివాన నాడు మాట అందుతుందన్న భరోసా లేదు.

అలాంటప్పుడు అక్కరకు వచ్చేవారు ‘హామ్’లు. జీతం కోసం గాక సరదాకు, చదువుకు రేడియో నడిపేవారిని హామ్‌లంటారు. వారికి ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సుతోపాటు ఒక గుర్తింపు పేరు ఇస్తుంది. మన దేశంలో ఇది వి.యు. అన్న అక్షరాలతో మొదలవుతుంది. ప్రధానిగా పని చేసిన రాజీవ్ గాంధీ కూడా హామే, ఆయన పేరు వి.యు.2 ఆర్.జి. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ బృందంతో అండమానుకు వెళ్లి, ఇప్పుడు శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో రేడియో నడుపుతున్నారు. వెళ్లింది ప్రపంచంలోని తోటి హామ్‌లతో మాట్లాడే ముచ్చట కొద్దీ. 26వ తేదీ తెల్లవారి భూకంపం, ఆ వెంట సునామీ వచ్చాయి. ఫోన్లు పోయిన ఆ దీవుల నుంచి ఈ రేడియోనే కబురు మోసింది. తమవారు బతికి ఉన్నారా అని ఒడ్డున ఎదురుచూసేవారికి క్షేమ సమాచారాలు దీని మీదనే అందాయి. కార్ నికోబార్ దీవికి కూడా ఒక సెట్టు వెళ్లింది.

హామ్ సెట్టు ఇంత దూరం ఎలా పలుకుతుందంటే, 7 మెగాహెర్ట్జ్ వంటి చిన్న అంకెల తరంగాలు చూపు మేరతో ఆగవు. ఆకాశంలో చాలా ఎత్తున ఉన్న ఒక పొరకు తగిలి, గోడకు కొట్టిన బంతిలా నేలకు తిరిగి వస్తాయి. పగటిపూట నాగాయలంక నుంచి హైదరాబాదుకు ఒక్క ఎగురులో అందుతుంది. మధ్యలో టవరు గాని, తీగ గాని అక్కర్లేదు.

ఈ పరీక్ష రాయడానికి పన్నెండేళ్లు నిండితే చాలు. డిగ్రీలు అడగరు. కేంద్ర టెలికం శాఖలోని డబ్ల్యు.పి.సి. విభాగం దీనిని నిర్వహిస్తుంది. రేడియో ఎలా పని చేస్తుందన్నది ఒక భాగం, నిబంధనలు మరొక భాగం. ‘రెస్ట్రిక్టెడ్’ అనే మొదటి మెట్టుకు మోర్సు కోడు అక్కర్లేదు. ‘జనరల్’ మెట్టుకు తంతి ఆఫీసులో కట్టకడా కొట్టేవారే, ఆ విద్య కూడా రావాలి. ఇంటర్ ఫిజిక్సు చదివిన కుర్రవాడు మనసు పెడితే కొద్ది నెలల్లో గట్టెక్కగలడు. ఆశ పడవలసిన పని లేనిది ఒకటున్నది. హామ్ సెట్టులో వ్యాపారం మాట్లాడరాదు. రొయ్య రేటు ఎంతని అడిగినా తప్పే. పాటలు వేయరాదు, రహస్య సంకేతాలు వాడరాదు. మాట్లాడిన ప్రతిసారీ తన గుర్తింపు పేరు చెప్పాలి. చెరువు పనికి 446 సెట్టు, ఆపదకు హామ్ సెట్టు అనుకొంటే సరిపోతుంది. తీర మండలాల్లో ప్రతి హైస్కూలు నుంచీ ఇద్దరు ముగ్గురు పిల్లల చేత ఈ పరీక్ష రాయిస్తే పంచాయతీకి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.

సెట్టు ఖరీదే గాని ఏరియల్‌కు ఖర్చు లేదు. 7 మెగాహెర్ట్జ్‌కు ఇరవై మీటర్ల రాగి తీగ చాలు. దానిని నడిమికి కోసి, పది మీటర్ల ముక్కలు రెంటినీ మధ్యలో కేబులుకు కలిపి, కొసలకు వలల నైలాను తాడు ముడివేసి రెండు కొబ్బరి చెట్ల మధ్య కట్టాలి. కరెంటు తీగలకు దూరంగా కట్టాలి. ఈ జాగ్రత్త మరిచినవారికి ప్రాణాలే పోతాయి. సెట్టుకు 12 వోల్టుల ట్రాక్టరు బ్యాటరీ సరిపోతుంది. నూరు వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు ఇరవై ఆంపియర్ల దాకా లాగుతుంది, వినేటప్పుడు ఒక ఆంపియరు వాడుతుంది. అందువల్ల ఎక్కువ విని తక్కువ మాట్లాడితే బ్యాటరీ రెండు రోజులు వస్తుంది. ఉరుము వినబడగానే కేబులు సెట్టు నుంచి ఊడదీసి కిటికీ బయట పడవేయాలి. తుపాను హెచ్చరిక వచ్చిన నాడు తీగను దించి చుట్ట చుట్టి ఇంట్లో పెట్టుకొని, గాలి తగ్గాక మళ్లీ కట్టుకోవాలి. చెట్లు కూలి ఉంటే రెండు వెదురు గడలు పాతినా పని జరుగుతుంది.