తూటా మారితే తుపాకీయే ముప్పు
లైసెన్సుదారులకు కొలతలపై అవగాహన తప్పనిసరి

కరీంనగర్‌, ఆదిలాబాద్‌: పంట రక్షణకు లైసెన్సు పొంది ఇంట్లో రైఫిల్‌ ఉంచుకున్న రైతు, బ్యాంకు గుమ్మం వద్ద జంట గొట్టాల తుపాకీతో నిలబడే కాపలాదారు, ఆత్మరక్షణకు రివాల్వర్‌ తీసుకున్న వ్యాపారి.. ముగ్గురికీ వర్తించే సూత్రం ఒక్కటే. తుపాకీలో ఇమిడిన ప్రతి తూటా ఆ తుపాకీకి తగినది కాదు. సరిపడని తూటాను పేలిస్తే గురి తప్పడంతో పోదు. గొట్టం చీలి, పేల్చినవారి చేతికి, కళ్లకు, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది.

పేలే క్షణంలో జరిగేది ఇదీ..

గొట్టం వెనుక భాగంలో తూటా కూర్చునే చోటును ఛాంబర్‌ అంటారు. ట్రిగ్గర్‌ నొక్కగానే ఫైరింగ్‌ పిన్‌ తూటా అడుగున ఉన్న ప్రైమర్‌ను తాకుతుంది. ఆ నిప్పుతో మందు మండి వాయువుగా మారుతుంది. ఇత్తడి తొడుగు ఒత్తిడికి వ్యాకోచించి ఛాంబర్‌ గోడలకు అంటుకుని, వాయువు వెనక్కి రాకుండా అడ్డుకుంటుంది. గుండు ముందుకు దూసుకెళుతుంది. తొడుగు వదులుగా ఉంటే అది పగిలి, వేడి వాయువు పేల్చేవారి ముఖం వైపు తన్నుకొస్తుంది. గుండు గొట్టం కన్నా లావుగా ఉంటే ఒత్తిడి హద్దు దాటుతుంది. సాధారణ 12 బోర్‌ తూటాకు అనుమతించే గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 11,500 పౌన్లు. సైనిక రైఫిల్‌ తూటాలో అది 50 వేల పౌన్లకు పైమాటే. కారు టైరులో ఉండేది దాదాపు 30 పౌన్లు మాత్రమే.

అంకె ఒకటే.. తూటాలు వేరు

పోలీసులు వాడే ఎస్‌ఎల్‌ఆర్‌, ఏకే-47 రెండూ 7.62 మి.మీ. ఆయుధాలే. అయితే ఎస్‌ఎల్‌ఆర్‌ తూటా తొడుగు పొడవు 51 మి.మీ., ఏకే-47ది 39 మి.మీ. ఒకదాని తూటా మరొకదానికి పనికిరాదు. .32 విషయంలోనూ ఇదే గందరగోళం. దేశీయ .32 రివాల్వర్‌కు, .32 పిస్టల్‌కు తూటాలు వేర్వేరు. పిస్టల్‌ తూటా రివాల్వర్‌లో దూరినా దానిని వాడరాదు. .315 రైఫిల్‌ అంటే 8 మి.మీ., త్రీనాట్‌త్రీ అంటే 7.7 మి.మీ. తేడా వెంట్రుకంతే అనిపించినా తొడుగుల ఆకారం, కొలతలు వేరు. త్రీనాట్‌త్రీ సైనిక తూటా పౌరులకు అందరాదన్న బ్రిటిష్‌ పాలకుల ఆంక్షల వల్లనే .315 వంటి రకాలు మన దేశంలో వాడుకలోకి వచ్చాయి. 303, 7.62 సర్వీసు తూటాలను పేల్చగల రైఫిళ్లు నేటికీ నిషేధిత శ్రేణిలోనే ఉన్నాయి.

12లో 20 చేరితే..

పౌను సీసాన్ని 12 సమాన గోళీలు చేస్తే ఒక్కో గోళీ మందమే 12 బోర్‌, అంటే సుమారు 18.5 మి.మీ. కనుక అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. 20 బోర్‌ తూటా పొరపాటున 12 బోర్‌ తుపాకీలో పడితే ఛాంబర్‌ దాటి జారి, గొట్టంలో ఇరుక్కుంటుంది. ఛాంబర్‌ ఖాళీగానే ఉందనుకుని మరో తూటా నింపి పేలిస్తే గొట్టం బద్దలవుతుంది. ఈ ప్రమాదం దృష్ట్యానే పలు దేశాల్లో 20 బోర్‌ తూటాలకు పసుపు రంగు కేటాయించారు. పొడవూ ముఖ్యమే. 70 మి.మీ. ఛాంబర్‌లో 76 మి.మీ. తూటా పట్టినట్లే కనిపిస్తుంది. పేలాక మూతి విచ్చుకునేందుకు చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది.

పాటించాల్సిన జాగ్రత్తలు

* గొట్టంపై చెక్కిన కొలత, తూటా అడుగున ఉన్న గుర్తు, లైసెన్సులోని వివరం.. మూడూ సరిపోలాలి. అనుమానం ఉంటే పేల్చరాదు. లైసెన్సున్న డీలరుకు చూపాలి.
* వేర్వేరు బోర్ల తూటాలను ఒకే సంచిలో, ఒకే బెల్టులో ఉంచరాదు.
* తేమకు ఉబ్బినవి, తుప్పు పట్టినవి, ఖాళీ తొడుగుల్లో మళ్లీ మందు నింపినవి వాడరాదు.
* తూటా పట్టకపోతే బలవంతంగా నెట్టరాదు.
* పేలకపోతే గొట్టాన్ని సురక్షిత దిశలోనే ఉంచి, కనీసం అర నిమిషం ఆగి తెరవాలి. శబ్దం నీరసంగా వస్తే గుండు లోపలే ఉండిపోయి ఉండవచ్చు. గొట్టం పరీక్షించకుండా రెండోసారి పేల్చరాదు.

అడవిలో దొరికితే ముట్టవద్దు

ఉమ్మడి ఆదిలాబాద్‌, కరీంనగర్‌ అడవుల్లో గతంలో నక్సలైట్ల ఆయుధ డంపులు బయటపడ్డాయి. పశువుల కాపరులకు, ఆకు సేకరణకు వెళ్లేవారికి తూటాలు కనిపిస్తే తాకకుండా పోలీసులకు తెలపాలి. లైసెన్సు లేకుండా తూటాను దగ్గర ఉంచుకోవడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. పంట రక్షణకు ఇచ్చిన లైసెన్సు వేటకు అనుమతి పత్రం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి జంతువుల వేటను నిషేధించింది.

ఎన్నికల వేళ ఠాణాలో జమచేసిన ఆయుధాన్ని తిరిగి తెచ్చుకున్నప్పుడు, లైసెన్సు పునరుద్ధరించుకున్నప్పుడు ఇంట్లోని తూటాలనూ ఒకసారి సరిచూసుకోవాలి. ఇందుకు పట్టేది అయిదు నిమిషాలే. కోల్పోయిన చూపు మాత్రం తిరిగి రాదు.