మీకు తెలుసా? ఆబ్జెక్టుకి పాత్ర ఇవ్వడం సులువే, వెనక్కి తీసుకోవడమే కష్టం

● జావాలో ఆబ్జెక్టు ఏ క్లాసులో పుడితే చివరిదాకా ఆ క్లాసుదే. విద్యార్థిగా సృష్టించిన మనిషికి ఉద్యోగం వస్తే కొత్త ఆబ్జెక్టు చేసి, వివరాలన్నీ అందులోకి కాపీ చేయాలి. పాతదాన్ని పట్టుకుని ఉన్న రిఫరెన్సులకు ఆ సంగతే తెలియదు. పోనీ అన్ని కలయికలకూ సబ్‌క్లాసులు రాద్దామంటే, విద్యార్థి, ఉద్యోగి లాంటి ఐదు పాత్రలకే 32 కలయికలవుతాయి.

● ఈ చిక్కు కొత్తది కాదు. ట్యూరింగ్ అవార్డు గ్రహీత చార్లెస్ బాక్‌మన్, మనీలాల్ దయాతో కలిసి డేటా మోడళ్లలో 'పాత్ర' గురించి 1977లోనే పేపరు రాశారు.

● రూబీలో ఒక్క ఆబ్జెక్టుకే పాత్ర ఇవ్వొచ్చు. లక్ష్మి, రాజు ఇద్దరూ 'మనిషి' క్లాసు వాళ్లే అనుకోండి. లక్ష్మిని మాత్రం 'టీచర్' మాడ్యూల్‌తో ఎక్స్‌టెండ్ చేస్తే, పాఠం చెప్పే మెథడ్ ఆమెకే వస్తుంది. రాజు మీద అదే మెథడ్ పిలిస్తే 'నో మెథడ్ ఎర్రర్' వస్తుంది. ఎంతో ముచ్చటైన సదుపాయం! కానీ అలా చేర్చిన మాడ్యూల్‌ని తీసేసే మెథడ్ రూబీ ఇవ్వలేదు. నా దృష్టిలో ఇది చిన్న లోటు కాదు. ఒకరికి మేనేజరు పాత్రను ఇలా ఇస్తే, ఆయన రిటైరైన తర్వాత కూడా సెలవు మంజూరు చేసే మెథడ్ ఆ ఆబ్జెక్టులో పనిచేస్తూనే ఉంటుంది.

● కామన్ లిస్ప్‌లో 'చేంజ్ క్లాస్' ఉంది. ఆబ్జెక్టు అదే, క్లాసు మాత్రం మారుతుంది. రెండు క్లాసుల్లోనూ ఉన్న స్లాట్ల (డేటా ఫీల్డుల) విలువలు నిలుస్తాయి, కొత్త క్లాసులో లేని స్లాట్లు పోతాయి.

● రాకూ భాషలో 'డజ్' అంటే ఉన్న ఆబ్జెక్టుకే పాత్ర చేరుతుంది, 'బట్' అంటే కాపీకి చేరుతుంది.

● పాత్రను వేరే ఆబ్జెక్టుగా చేసి అసలుదానికి తగిలించే పద్ధతీ ఉంది. తీసేయడం తేలికే. అయితే ఆ రెండూ ఒకటేనా అని పోల్చి చూస్తే, ప్రోగ్రాము కాదంటుంది. ఈ జబ్బుకి 'ఆబ్జెక్ట్ స్కిజోఫ్రీనియా' అని పేరు.

● ఎంవీసీ (మోడల్-వ్యూ-కంట్రోలర్) పద్ధతిని రూపొందించిన నార్వే శాస్త్రవేత్త ట్రిగ్వే రీన్‌స్కౌగ్ ఆ తర్వాత డీసీఐ (డేటా, కాంటెక్స్ట్, ఇంటరాక్షన్) పద్ధతిని ప్రతిపాదించారు. అందులో ఒకే బ్యాంకు ఖాతా ఒక బదిలీలో డబ్బు పంపేది, మరో బదిలీలో పుచ్చుకునేది. బదిలీ ముగిస్తే పాత్రా ముగుస్తుంది.

● బెర్లిన్‌లో స్టెఫాన్ హెర్మన్ రూపొందించిన 'ఆబ్జెక్ట్ టీమ్స్' జావాకే పాత్రలు జోడించింది. పాత్రలన్నీ ఒక టీములో ఉంటాయి. ప్రోగ్రాము నడుస్తుండగానే టీమును ఆన్, ఆఫ్ చేయొచ్చు. మీ ప్రోగ్రాముల్లో పాత్రలు వచ్చిపోతుంటే ఈ చివరి రెంటినీ ముందుగా చదవండి.