కరకరలాడే బంగాళాదుంప: కొద్ది నూనెతో, పెరటి ఆకుల సువాసనతో

కోస్తా జిల్లాల్లో బంగాళాదుంప, తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ. పేరు ఏదైనా పిల్లల నుండి పెద్దల వరకు అందరూ ఇష్టంగా తినే కూర ఇది. అయితే ఇంట్లో ఒకరికి షుగరో, బి.పి.యో, గుండె జబ్బో ఉన్నదని తెలిసిన రోజు నుండి ఈ దుంప మీదే మొదటి నిషేధం పడుతుంది. పెద్దాయనకు చప్పిడి కూర ఒక గిన్నెలో, మిగిలినవారికి వేపుడు మరొక గిన్నెలో. నాలుగు రోజులు గడిచేసరికి రెండు వంటలు చేయలేక ఇల్లాలు అలసిపోతుంది. చప్పిడి తినలేక పెద్దాయన చాటుగా వేపుడు గిన్నె దగ్గరకు వెళతాడు. పథ్యం అక్కడితో చెడిపోతుంది.

ఇంటిల్లిపాదీ ఒకే గిన్నెలో నుండి తినగలిగే వేపుడు చేయటం సాధ్యమే. అది కరకరలాడాలి, ఘుమఘుమలాడాలి, నూనె మాత్రం ఓడకూడదు. ఆ పద్ధతిని, దానితోపాటు ఎవరు ఎంత తినవచ్చునో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

దుంపలో ఏమున్నది?

వంద గ్రాముల పచ్చి దుంపలో ముప్పాతిక వంతుకు పైగా నీరే. సుమారు 17 గ్రాముల పిండిపదార్థం, 2 గ్రాముల మాంసకృత్తులు, 400 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం, కొంత సి విటమిను ఉంటాయి. కొవ్వు దాదాపు లేదు. వంద గ్రాములకు వచ్చే శక్తి 80 కేలరీల లోపే. ఇదే దుంపను పలుచగా తరిగి, కాగిన నూనెలో వేయించి చిప్స్ చేస్తే వంద గ్రాములకు 500 కేలరీలు దాటిపోతాయి. నీరు పోయి ఆ చోటులోకి నూనె చేరటమే కారణం. కనుక మనం జాగ్రత్త పడవలసినది ముఖ్యంగా వండే పద్ధతి విషయంలో, తినే మోతాదు విషయంలో.

కరకర ఎలా వస్తుంది?

నూనె ఎక్కువ పోస్తేనే కరకరలాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ముక్క పైపొరలోని తడి ఆరిపోయినపుడే అది గట్టిపడి కరకరలాడుతుంది. తడి ఉన్నంతసేపు ముక్క ఉడుకుతుందే గాని వేగదు. మూత పెడితే ఆవిరి మళ్ళీ ముక్కల మీదే పడుతుంది. మూకుడులో ముక్కలు కిక్కిరిసి ఉన్నా అంతే. ముందుగానే ఉప్పు చల్లితే ముక్కలోని నీరు పైకి ఊరుతుంది. ఈ మూడు సంగతులు గుర్తుంచుకుంటే సగం వంట వచ్చినట్లే.

కావలసినవి (నలుగురికి)

బంగాళాదుంపలు అర కిలో, నూనె 4 టీ చెంచాలు, బియ్యప్పిండి 1 టీ చెంచా, పసుపు చిటికెడు, వెల్లుల్లి రెబ్బలు 6, జీలకర్ర అర చెంచా, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు అర చెంచా, ఉప్పు అర చెంచా, కరివేపాకు 3 రెబ్బలు, కొత్తిమీర, పుదీనా కలిపి ఒక గుప్పెడు, నిమ్మకాయ సగం. పెరట్లో వాము ఆకు మొక్క ఉంటే రెండు ఆకులు సన్నగా తరిగి ఉంచుకోండి.

చేసే విధానం

1. దుంపలను మట్టి పోయేలా రుద్ది కడగండి. తొక్క పలుచగా ఉంటే తీయనవసరం లేదు. అంగుళం ముక్కలుగా తరిగి, నీళ్ళు తేటగా వచ్చేవరకు రెండు మూడుసార్లు కడగండి. ఇలా చేస్తే పైన ఉన్న గంజి పోయి, ముక్కలు ఒకదానికొకటి అంటుకోవు.

2. ముక్కలు మునిగేలా నీళ్ళు పోసి మరిగించండి. మరగటం మొదలైన తరువాత ఆరేడు నిమిషాలు చాలు. చాకు మొన గుచ్చితే దిగాలి, ముక్క మాత్రం విరగకూడదు.

3. చిల్లుల గిన్నెలో వార్చి, ముక్కలను మళ్ళీ వేడి గిన్నెలోకే వేసి మూతపెట్టి రెండుసార్లు మెల్లగా కుదపండి. అంచులు కొంచెం గరుకవుతాయి. ఆ గరుకే తరువాత కరకరలాడే పొర అవుతుంది. ఇప్పుడు పళ్ళెంలో పరచి పది నిమిషాలు ఆరనివ్వండి. తొందరపడి ఈ మెట్టును వదలవద్దు.

4. ఆరిన ముక్కల మీద బియ్యప్పిండి, పసుపు చల్లి కలపండి.

5. వెడల్పాటి ఇనుప మూకుడు గాని, మందపాటి పెనం గాని బాగా వేడి చేసి నూనె వేయండి. నూనె కాగిన తరువాత ముక్కలను ఒకే వరుసలో పరచండి. చోటు చాలకపోతే రెండు వాయిలుగా చేసుకోండి. మధ్యస్థ మంట మీద నాలుగైదు నిమిషాలు కదపకుండా వదిలేయండి. అడుగు బంగారు రంగుకు వచ్చాక అట్లకాడతో తిరగవేయండి. ఇలా అన్ని వైపులా వేగటానికి 15 నుండి 20 నిమిషాలు పడుతుంది. మూత పెట్టవద్దు.

6. చివరి మూడు నిమిషాలలో ముక్కలను పక్కకు జరిపి, మధ్యలో జీలకర్ర, దంచిన వెల్లుల్లి, కరివేపాకు, వాము ఆకు వేయండి. ఆకులు ముందుగా వేస్తే మాడి చేదెక్కుతాయి. కడిగిన ఆకులను గుడ్డతో తుడిచి వేయాలి, లేకపోతే నూనె చిటపటలాడి మీద పడుతుంది.

7. పొయ్యి ఆపిన తరువాత ఉప్పు, మిరియాలు, తరిగిన కొత్తిమీర, పుదీనా చల్లి నిమ్మరసం పిండండి. వెంటనే వడ్డించండి.

ఇంట్లో ఓవెన్ ఉన్నవారు నాలుగో మెట్టు తరువాత ముక్కలకు నూనె పట్టించి, ముందుగా వేడి చేసిన ఓవెన్‌లో 200 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర 35 నుండి 40 నిమిషాలు ఉంచాలి. మధ్యలో ఒకసారి తిరగవేయాలి. ఎయిర్ ఫ్రయ్యర్‌లో అయితే 190 డిగ్రీల దగ్గర సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఆకులు, వెల్లుల్లి ఏ పద్ధతిలోనైనా ఆఖరునే వేయాలి.

లెక్క చూద్దాం

నాలుగు టీ చెంచాల నూనె అంటే 20 మిల్లీలీటర్లు. నలుగురికి పంచితే మనిషికి ఒక చెంచా, అనగా 40 కేలరీలకు కాస్త పైన. దుంప నుండి సుమారు 100 కేలరీలు వస్తాయి. మొత్తం 150 లోపు. ఉప్పు కూడా మనిషికి ఒక గ్రాము మించదు. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. నిమ్మరసం, మిరియాలు, పుదీనా ఉన్నపుడు నాలుక ఉప్పును అంతగా అడగదు. బి.పి. ఉన్నవారి ఇళ్ళలో ఆకుల వాసనను వాడుకోవలసినది ఇందుకే.

షుగరు ఉన్నవారికి

దుంపను కూరగా కాక అన్నంలో భాగంగా లెక్కించండి. పైన చెప్పిన ఒక వంతు వేపుడులో సుమారు 20 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఇది అర కప్పు అన్నంతో సమానం. మామూలుగా రెండు కప్పుల అన్నం తినేవారు ఈ వేపుడు ఉన్న పూట అర కప్పు తగ్గించుకోవాలి. పప్పు, ఆకుకూర, మజ్జిగ, ఇష్టమైతే చేప గాని గుడ్డు గాని పక్కన ఉంచుకుంటే రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. దుంప ఉన్నదని అన్నం పూర్తిగా మానవద్దు. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు తిండి ఒక్కసారిగా తగ్గిస్తే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉన్నది.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి

రక్తంలో పొటాషియం ఎక్కువగా ఉన్నదని డాక్టరు చెప్పినవారికి ఈ కూర విషయంలో తప్పనిసరిగా జాగ్రత్త అవసరం. పొటాషియం హద్దు మీరితే గుండె కొట్టుకొనే తీరే దెబ్బ తింటుంది. తొక్క తీసి, ముక్కలు చిన్నవిగా తరిగి, చాలినంత ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే పొటాషియం చాలావరకు తగ్గుతుంది. పచ్చి ముక్కలను ఊరికే నానబెడితే అంత తగ్గదు. అయినా మీరు తినవచ్చునా, ఎంత తినవచ్చును అనేది మీ రక్త పరీక్ష చూసి డాక్టరే చెప్పాలి. బజారులో దొరికే ‘తక్కువ సోడియం’ ఉప్పులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు అడగకుండా దానిని వాడరాదు.

బంగారు రంగు దాటనివ్వకండి

2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక సంగతి బయటపెట్టారు. పిండిపదార్థం ఎక్కువగా ఉన్న దుంపల వంటివాటిని 120 డిగ్రీలకు మించిన వేడిలో వేయించినపుడు, కాల్చినపుడు ఆక్రిలమైడ్ అనే పదార్థం తయారవుతుందని కనుగొన్నారు. నీళ్ళలో ఉడికించినపుడు ఇది దాదాపు ఏర్పడదు. జంతువులపై జరిపిన పరీక్షలలో ఇది క్యాన్సర్ కలిగించింది. ఆహారం ద్వారా మనుషులకు అంత హాని కలుగుతుందని స్పష్టంగా తేలకపోయినా, తగ్గించుకోవటమే మంచిదని ఆహార భద్రతా సంస్థలు చెబుతున్నాయి. తగ్గించుకోవటం కష్టం కాదు. ముక్కలను బాగా కడగటం, ముందుగా ఉడికించటం, బంగారు రంగు రాగానే ఆపటం చాలు. మాడిన ముక్కలు రుచిగా ఉన్నాయని ఏరుకొని తినే అలవాటు మానుకోండి.

దుంపలు కొనేటపుడు, దాచేటపుడు

గట్టిగా, నున్నగా ఉన్నవి ఏరుకోండి. ఎండ, వెలుతురు తగిలిన దుంపకు ఆకుపచ్చ రంగు వస్తుంది. ఆ రంగుతోపాటే సొలనిన్ అనే విషపదార్థం కూడా పెరుగుతుంది. అది వండినా పోదు. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి కలిగిస్తుంది. కొంచెం పచ్చదనం ఉంటే లోతుగా కోసి తీసివేయండి. మొలకలు, కళ్ళు కూడా తవ్వి తీయండి. దుంప ఎక్కువగా పచ్చబడినా, తింటే చేదుగా ఉన్నా పారవేయండి. చిన్నపిల్లలకు అసలు పెట్టవద్దు. దుంపలను చీకటిగా, గాలి ఆడే చోట బుట్టలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే పిండి కొంత చక్కెరగా మారి, వేయించినపుడు త్వరగా నల్లబడతాయి.

పొయ్యి దగ్గర జాగ్రత్త

వేపుడు చేసే వేళ పిల్లలను పొయ్యి దగ్గరకు రానివ్వకండి. మూకుడు కాడ బయటకు కాక లోపలి వైపు తిప్పి ఉంచండి. నూనె అంటుకుంటే నీళ్ళు పోయవద్దు, మంట ఎగసిపడుతుంది. అందితే స్టవ్ ఆపి, మూకుడు మీద మూత బోర్లించండి. ఒంటి మీద నూనె పడి కాలితే వెంటనే కుళాయి కింద మామూలు చల్లని నీటి ధారలో 20 నిమిషాలు ఉంచండి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసివేయండి. టూత్ పేస్టు, సిరా, పసుపు, మంచుగడ్డ ఏవీ పెట్టవద్దు. బొబ్బలు చిదపవద్దు. ముఖం, చేతులు, కీళ్ళ మీద కాలినా, అరచేతి కంటె పెద్ద గాయమైనా, పసిపిల్లలకు ఎంత చిన్న గాయమైనా ఆస్పత్రికి తీసుకురండి.

ఈ వేపుడు వారానికి ఒకటి రెండుసార్లు చేసుకుంటే చాలు. మిగిలిన రోజులలో బీర, సొర, బెండ, ఆకుకూరలు వంతుల వారీగా వండుకోండి. వండిన పూట మాత్రం రోగిని పక్కన కూర్చోబెట్టకుండా అందరితోపాటు వడ్డించండి. మోతాదు తెలిసి కలిసి తినేవారు పథ్యాన్ని ఎక్కువ కాలం నిలుపుకోగలుగుతారు.