కట్టిన ఇల్లు – కట్టివేసిన ఇల్లు

ఉప్పాడ తీరమున ఒక వృద్ధ మత్స్యకారునితో మాటలాడుచు, "మీ ఇల్లు ఎప్పుడు కట్టినది?" అని అడిగితిమి. ఆయన నవ్వి, "ఏ ఇల్లు బాబూ? ఇది మూడోదండి. మొదటిది కట్టిన చోట ఇప్పుడు నీళ్లున్నాయి" అని సముద్రము వైపు చేయి చూపెను. అక్కడ అలలు తప్ప మరేమియు కనబడలేదు. "జాగా అయితే పోయింది గానీ వాసాలు పోలేదండి. ముందే విప్పుకొచ్చేశాం" అని ఆయన అన్నమాటయే మా ఈ ప్రసంగమునకు మూలము.

కొద్ది ఖర్చుతో, తమ చేతులతోనే చిన్న ఇల్లు కట్టుకొనుట ఎట్లని శ్రోతలు తరచు అడుగుచుందురు. ఇటుక ఎంత, సిమెంటు ఎంత, కూలి ఎంత అని లెక్కతో ఆరంభింతురు. కాని ఉప్పాడ వంటి ఊరిలో మొదటి ప్రశ్న అది కాదు. ఆ ఇంటికి శత్రువెవరు అన్నది మొదటి ప్రశ్న. ఇక్కడ శత్రువులు ఇద్దరు: గాలి, సముద్రము. ఈ ఇద్దరు కోరునవి పరస్పర విరుద్ధములు. గాలికి నిలువవలెనన్న ఇల్లు నేలను గట్టిగా పట్టుకొనవలెను. సముద్రము పైకి వచ్చినపుడు అదే ఇల్లు నేలను సులువుగా విడిచిపెట్టవలెను. గట్టిగా బిగించునది, కావలసినపుడు విప్పదగినది కట్టు ఒక్కటే. తెలుగున ఇల్లు నిర్మించుటకును, తాడు బిగించుటకును 'కట్టుట' అను ఒకే మాట ఉన్నది. ఉప్పాడలో ఈ రెండర్థములును ఒకటే.

మొదట సముద్రము సంగతి చూతము. ఉప్పాడ కాకినాడకు ఈశాన్యమున నున్న తీరగ్రామము. 2022 ఏప్రిల్ 4 నుండి కాకినాడ జిల్లాకు చెందినది. దశాబ్దములుగా ఇచ్చటి తీరము కోతకు గురియగుచున్నది. ఇండ్లు, గుడులు, చెట్లు నీటి పాలైనవి. కాకినాడ నుండి వచ్చు తీరపు రోడ్డు పలుమారులు తెగినది. గోదావరి తెచ్చు ఒండ్రు తగ్గుట, ఆ ఒండ్రుతోనే ఏర్పడిన హోప్ దీవి ఉత్తరమునకు సాగుట, దాని వలన అలలు వంగి ఈ తీరముపై కేంద్రీకరించుట కారణములని నిపుణులు చెప్పుదురు. జియోట్యూబులలో ఇసుకను నింపి కట్టిన అడ్డుగోడ కొంతకాలము నిలిచి, పిదప అలల ధాటికి దెబ్బతిన్నది. ప్రభుత్వము కట్టిన గోడకే ఇట్లయినపుడు, ఒక కుటుంబము తన పునాదిరాళ్లతో సముద్రమును ఆపగలదనుకొనుట భ్రమ.

కనుక పొదుపునకు మొదటి మెట్టు స్థలనిర్ణయము. తీరమున కట్టడములకు 1991లో తొలిసారి నిబంధనలు వెలువడి, 2011లోను 2019లోను మార్పు చెందినవి. గుంజ పాతకముందే పంచాయతీ కార్యాలయమున విచారించుట మేలు. అంతకంటె మేలైన కొలత ఊరి పెద్దల జ్ఞాపకము. పదేండ్ల క్రిందట ఒడ్డు ఎక్కడ ఉండెనో అడుగుడు. అక్కడి నుండి నేటి ఒడ్డు వరకు అడుగులు లెక్కింపుడు. వచ్చు పదేండ్లలో సముద్రము మరల అంతే నడచునని తలచి, దానికి రెట్టింపు దూరమున కట్టుడు.

ఇక గాలి. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు కాకినాడకు దక్షిణముననున్న కోరంగి రేవును నాశనము చేసినవి. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమను చిన్నాభిన్నము చేసినది. ఇంజనీర్లు ఈ తీరమున గృహములకు సెకనుకు 50 మీటర్ల గాలిని, అనగా గంటకు 180 కిలోమీటర్ల వేగమును లెక్కలోనికి తీసికొందురు. అట్టి గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల వత్తిడి కలిగించును. అది కప్పును క్రిందికి అణచునని మనము అనుకొందుము. నిజమునకు కప్పు మీదుగా వడిగా పారు గాలి దానిని పైకి పీల్చును. విమానపు రెక్క లేచునట్లు కప్పు లేచును. గాలి తాకు వైపు తలుపు ఊడినచో లోపల చొరబడిన గాలి క్రిందినుండి కూడ తోయును.

గ్రామీణ గృహనిర్మాణ పథకము 2016 నుండి కనీస పరిమాణముగా గ్రహించినది 25 చదరపు మీటర్లు. ఇరువది అడుగుల పొడవు, పదమూడున్నర అడుగుల వెడల్పు గల ఇల్లు సరిగా అంతే అగును. ఆ వైశాల్యము మీద గాలి వత్తిడిలో ముప్పాతిక వంతు పైకి లాగినను మొత్తము 2,800 కిలోలు. తాటాకు కప్పు బరువు దీనిలో స్వల్పభాగము. కావున ఈ ఇంటిని నిలిపి ఉంచునది దాని బరువు కాదు, దాని కట్లు.

ఇంటి ఆకారమును గూర్చి ఒక మాట. కళింగాంధ్ర తీరమున చుట్టిల్లు ప్రసిద్ధము. దానియందు గొప్ప లెక్క ఉన్నది. మన ఇరువది అడుగుల ఇంటికి నాలుగు ప్రక్కల గోడ 67 అడుగులు. లోపలి స్థలము 270 చదరపు అడుగులు. అదే 67 అడుగుల గోడను గుండ్రముగా త్రిప్పినచో సుమారు 357 చదరపు అడుగులు కలిసివచ్చును. గాలియు మూలలు లేని గోడను చుట్టి జారిపోవును. ఇన్ని సుగుణములున్నను ఉప్పాడ నేతగానికి చుట్టిల్లు కుదరదు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జాందానీ చీరను గుంటమగ్గము మీద ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి నేయుదురు. మగ్గమునకు నిడుపైన చోటు కావలెను. కావున దీర్ఘచతురస్రపు ఇంటికే నాలుగు వైపులను వాలు గల కప్పు వేయుట మధ్యేమార్గము. రెండు వాలుల కప్పునకు చివరల నిలువుగా లేచు త్రికోణపు గోడలను గాలి ముందుగా పడగొట్టును. నాలుగు వాలుల కప్పునకు అట్టి గోడలు ఉండవు.

ఇప్పుడు పని క్రమమునకు వత్తము. చుట్టును పన్నెండు గుంజలు, నడుమ కొప్పును మోయుటకు రెండు నిట్రాడలు పాతవలెను. సరుగుడు కర్ర ఈ తీరమున సులువుగా దొరకును. 2,800 కిలోల లాగుడును పన్నెండు గుంజలు పంచుకొన్నచో ఒక్కొక్క దానిపై 230 కిలోల పైచిలుకు పడును. వట్టి గుంజను ఇసుకలో పాతిన అది పంటి నుండి మేకు ఊడినట్లు ఊడివచ్చును. కనుక ఒకటిన్నర అడుగుల చదరమున మూడడుగుల లోతు గోయి త్రవ్వి, గుంజ అడుగున రెండు అడ్డుకర్రలను కూడిక గుర్తువలె బిగించి, వానిపై రాళ్లు పేర్చి, ఇసుకను తడిపి దిమ్మిసతో కుదింపవలెను. ఆ గోతిలోని ఇసుక సుమారు 300 కిలోలు తూగును. ఇక గుంజ లేవవలెనన్న ఆ బరువునంతయు ఎత్తవలెను. నీరు నిలుచు చోట ఇసుక బరువు తగ్గును గనుక లోతును నాలుగడుగులకు పెంచవలెను. భూమిలో ఉండు భాగమునకు తారు పూసిన చెదలు పట్టదు. సిమెంటు పోసిన ఇంకను గట్టియే. కాని సముద్రము తరుముకొని వచ్చిననాడు ఆ గుంజను త్రవ్వి తీసికొని పోవుట కష్టము. రాతి కూర్పును గడ్డపారతో ఒక పూటలో విప్పవచ్చును.

గుంజకును దూలమునకును, దూలమునకును వాసమునకును, వాసమునకును పెండెకును ఉండు ప్రతి కలయికను కట్టవలెను. మేకు ప్రక్కకు జరుగుటను ఆపును గాని పైకి లాగు బలమునకు జారిపోవును. జింకు పూత గల ఇనుప తీగతోనో, నైలాను వలతాడుతోనో గుంజను, దూలమును, వాసమును ఒకే చుట్టులో పెనవేయవలెను. ఎండ తగిలిన నైలాను పెళుసెక్కును. కప్పు క్రింద, నీడపట్టున ఉన్న కట్లకు మాత్రమే దానిని వాడుట మంచిది. గొలుసులో ఒక్క లంకె వదులైనను గొలుసంతయు వ్యర్థమే. పదిరూపాయల తాడు వద్ద పొదుపు చేసి, పదివేల రూపాయల కప్పును గాలికి అప్పగించిన ఇండ్లను ప్రతి తుపాను తరువాతను చూచుచున్నాము.

కప్పు వెడల్పులో సగము, అనగా ఆరుముప్పాతిక అడుగులకు, అయిదడుగుల ఎత్తు ఇచ్చినచో వాలు సుమారు 36 డిగ్రీలు. ఇంతకంటె పల్లమైన తాటాకులో వాన కారును. మిక్కిలి నిటారుగానున్న గాలికి అడ్డుగోడ యగును. చూరు మూరెడుకు మించి రాకూడదు. బయటకు చాచిన చూరు గాలికి పిడి అందించును. కప్పు నేసిన పిదప పాత చేపలవలను దానిపై పరచి, అంచులను దూలములకు కట్టుట మేలు. మత్స్యకారుని ఇంట ఈ వలకు ఖర్చే లేదు. తాటాకును రెండు మూడేండ్లకొకసారి మార్చవలెను గాని, క్రింది చట్రము చిరకాలము పనికివచ్చును.

గోడల విషయమున పొదుపునకు చాల అవకాశమున్నది. చట్రమే కప్పును మోయుచున్నది గనుక గోడ వట్టి మరుగు మాత్రమే. వెదురు తడిక అల్లి, లోపలి ఊళ్ల చెరువు మట్టిలో తరిగిన గడ్డి కలిపి, బాగుగా తొక్కి, రెండు వైపుల మెత్తిన చాలును. తడి ఆరినపుడు పగుళ్లు వచ్చినచో మట్టిలో ఇసుక చాలలేదని అర్థము. ముందుగా చాటంత మేర పూసి చూచుకొనుట తెలివి. వానకు మట్టిపూత కరగకుండుటకు దానిలో తారుద్రవము కలుపు పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించినది. తీరమునకు దూరముగా ఇటుకగోడ కట్టుకొనదలచువారికి, లారీ బేకర్ కేరళలో ప్రచారము చేసిన బోలుగోడ పద్ధతి ఉన్నది. అందు ఇటుకలను అంచుపై నిలిపి నడుమ ఖాళీ విడుచుటచే సుమారు నాలుగవ వంతు ఇటుక మిగులును. ఐతే తుపాను తీరమున దాని మూలలలో ఇనుప కడ్డీలు నిలిపి కాంక్రీటు నింపవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. వాకిట ఉచితముగా దొరకు సముద్రపు ఇసుకను సిమెంటులో కలుపరాదు. అందలి ఉప్పు ఇనుమును తుప్పు పట్టించును; తుప్పుతో ఉబ్బిన ఇనుము కాంక్రీటును చీల్చును. ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుటచే గోడ చెమర్చి సున్నము పెచ్చులూడును. నదీ ఇసుక, మంచినీరు కొని తెచ్చుటయే చవక.

నేతగాని ఇంట నేలయే ప్రధానము. వర్షాకాలమున మగ్గపు గుంటలో నీరూరిన పని ఆగును. పని ఆగిన కూలి ఆగును. గుంట రెండడుగుల లోతైనచో, దాని అడుగు కూడ వాననీటి గుర్తుకు పైన ఉండవలెను. ఇల్లంతయు ఎత్తు చేయుటకు మట్టి చాల కావలెను. మగ్గముండు భాగమును మాత్రము అరుగువలె రెండున్నర అడుగులు లేపి, గుంటకు ఇటుకతో లోగోడ కట్టి, తక్కిన నేలను అడుగెత్తున ఉంచిన చాలును. మగ్గమునకు ఉత్తరపు కిటికీ ఉన్నచో ఎండ పడక, రోజంతయు సమానమైన వెలుతురు వచ్చును.

కడపటి మెరుగులు ఇంటివారి చేతిలోనివి. పేడతో అలికిన నేల, రెండు పూతల సున్నము వేసిన గోడ ఇంటికి అందమునిచ్చును. తాటాకునకు నిప్పు భయము గలదు గనుక వంటపాకను విడిగా కట్టి, దాని కప్పు లోపలివైపు మట్టి పూయవలెను.

పనికి కాలమేది? తూర్పు తీరమున ఏటేటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల చేపలవేట నిషేధము. ఆ రెండు నెలలు మత్స్యకారుని చేతిలో సమయముండును, డబ్బుండదు. కావున సరుగుడు, వెదురు, తీగ మొదలైన కొనవలసిన వానిని వేట సాగు నెలలలోనే కొద్దికొద్దిగా కూర్చుకొని, శ్రమను వేసవికి ఉంచుకొనుట యుక్తము. వెదురును ముందుగా నీట నానవేసిన పురుగు తగ్గును. కప్పు లేపునాడు ఇరుగుపొరుగు వచ్చుదురు; వారి కప్పు నాడు మనము వెళ్లవలెను. ఈ అప్పునకు వడ్డీ లేదు.

ఇంతచేసినను ఒక సత్యమును దాచరాదు. ఎంత బాగుగా కట్టివేసినను ఈ ఇల్లు తుపానులో తల దాచుకొను చోటు కాదు. హెచ్చరిక రాగానే పిల్లలతో, పెద్దలతో తుపాను రక్షణ భవనమునకు పోవలసినదే. కట్లు గట్టిగా ఉంచుట తిరిగివచ్చునప్పటికి ఇల్లు ఉండుటకు గాని, లోపల కూర్చుండి గాలితో పంతము పట్టుటకు కాదు. ఏటేటా ఆశ్వయుజము రాకముందే ప్రతి కట్టును చేతితో లాగి చూచి, సడలినదానిని మార్చవలెను.

మేము సెలవు తీసికొనునప్పటికి ఆ వృద్ధుడు నిచ్చెన ఎక్కి, తూర్పువైపు దూలము వద్ద పాతతాడును విప్పుచుండెను. క్రింద మనుమడు క్రొత్తతాడు చుట్టను పట్టుకొని నిలుచుండెను. తాత చేయి చాచినప్పుడెల్ల వాడు కావలసినంత తాడు వదలుచు, ఆ ముడి ఎట్లు పడుచున్నదో రెప్ప వేయక చూచుచుండెను.