ఒకే మాట, నాలుగు పనులు

మన చంద్రపూర్ పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు వ్యాకరణంలో భాషాభాగాలు 5. మరాఠీ, ఇంగ్లీషు వ్యాకరణాల్లో 8. పిల్లలు తికమకపడటంలో వింత లేదు గదా!

ఇంగ్లీషు మాట రూపం చూసి అది ఏ భాగమో చెప్పలేం. వాక్యంలో దాని పని చూడాలి. ‘ఫాస్ట్’ అన్న మాటనే తీసుకుందాం. ‘ఫాస్ట్ ట్రైన్’ ఎట్టి బండి? వేగమైన బండి, విశేషణం. ‘ది ట్రైన్ రన్స్ ఫాస్ట్’: ఎట్లా పరుగెత్తుతుంది? వేగంగా, క్రియావిశేషణం. ‘ఏకాదశి ఫాస్ట్’ ఏమిటి? ఉపవాసం, నామవాచకం. ‘వుయ్ ఫాస్ట్ టుడే’: ఏం చేస్తాం? ఉపవాసం ఉంటాం, క్రియ.

కనుక బట్టీ పట్టించక, వాక్యాన్ని తెలుగులో చెప్పించండి. ‘ఐన’ వస్తే విశేషణం, ‘గా’ వస్తే క్రియావిశేషణం అని చాలాచోట్ల పోల్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: ‘ది వాటర్ ఈజ్ కోల్డ్’ అంటే ‘నీళ్లు చల్లగా ఉన్నాయి’. ‘గా’ వచ్చినా అది చెప్పేది నీళ్ల గుణం, ఇంగ్లీషులో విశేషణమే.

ఇంగ్లీషు రాదని వెనుదీసే తల్లులకు, అమ్మమ్మలకు మా మనవి ఇది: అర్థం పిల్లవాడు చెబుతాడు, ఎట్టిది, ఎట్లా, ఏమిటి అని అడగడానికి మీ తెలుగు చాలు. ఇంగ్లీషు కోసం ఇంట్లో తెలుగు మాన్పించడం, దీపం ఆర్పి అక్షరాలు వెదకడమే సుమా!