పరిశ్రమల్లో పైపులైన్ల గుర్తింపు: రంగు చెప్పేది, చెప్పనిది

రసాయన కర్మాగారాల్లో నీరు, ఆవిరి, సంపీడిత వాయువులు, ఆమ్లాలు పక్కపక్కనే ఉన్న పైపుల్లో ప్రవహిస్తుంటాయి. లోపలి పదార్థం కంటికి కనిపించదు కనుక దాని గుర్తింపు పైపు ఉపరితలం మీదే ఉండాలి. భారతదేశంలో ఇందుకు ఐ.ఎస్. 2379 ప్రమాణం ఆధారం. అందులో మూలవర్ణం పదార్థం ఏ వర్గానికి చెందినదో తెలుపుతుంది. నీటికి సముద్రపు ఆకుపచ్చ, ఆవిరికి వెండి బూడిద, గాలికి ఆకాశనీలం, నూనెలకు లేత గోధుమ, ఆమ్ల క్షారాలకు ముదురు ఊదా, ఇతర వాయువులకు పసుపు. ఆ వర్గంలో అది ఏ పదార్థమో మూలవర్ణం మీద వేసే పట్టీలు చెబుతాయి.

ఈ విధానం పదార్థ వర్గాన్ని చెబుతుందే గాని ప్రమాద స్వభావాన్ని నేరుగా చెప్పదు. హైడ్రోజన్ మండుతుంది, నత్రజని మండదు. రెండింటి మూలవర్ణమూ పసుపే. అమెరికా ప్రమాణంలో పసుపు మండే పదార్థాలకు హెచ్చరిక. అక్కడి పద్ధతికి అలవాటుపడిన ఇంజనీరు ఇక్కడి నత్రజని పైపును చూసి నిప్పు ప్రమాదాన్ని ఊహించవచ్చు, అసలు ప్రమాదాన్ని మాత్రం ఊహించలేడు. నత్రజనికి రంగు, వాసన లేవు. మూసి ఉన్న చోట అది ప్రాణవాయువును తోసివేస్తుంది. అమెరికా రసాయన భద్రతా బోర్డు 2003లో వెలువరించిన సమీక్షలో, 1992–2002 మధ్య ఆ దేశపు పని ప్రదేశాల్లో నత్రజని వల్ల ఊపిరాడని 85 సంఘటనలు నమోదయ్యాయి. వాటిలో 80 మంది మరణించారు. శ్వాసకు గాలి అందించవలసిన గొట్టాన్ని పొరపాటున నత్రజని లైనుకు కలిపిన ఉదంతాలూ వాటిలో ఉన్నాయి.

మరొక చిక్కు ఆచరణలో ఎదురవుతుంది. ఉష్ణ నిరోధక పొర చుట్టిన పైపులపై సాధారణంగా అల్యూమినియం రేకు తొడుగుతారు. వేడి నూనె ఉన్నా, చల్లని నీరు ఉన్నా తొడుగు మాత్రం వెండి రంగే; అంటే ప్రతిదీ ఆవిరి పైపులాగే కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేని వర్ణాంధత్వం ఉన్నవారికి ఆకుపచ్చ, గోధుమ రంగులు తారుమారయ్యే అవకాశమూ ఉంది. ఇది పురుషుల్లో ఎక్కువ.

కాబట్టి పదార్థం పేరు, ప్రవాహ దిశను చూపే బాణం గుర్తు తప్పనిసరి. వాల్వుల దగ్గర, పైపులు చీలే చోట, గోడకు రెండు వైపులా ఇవి ఉండాలి. అక్షరాల పరిమాణం పైపు లావును బట్టి మారుతుంది. అమెరికా ప్రమాణంలో 250 మిల్లీమీటర్లకు మించిన వ్యాసం గల పైపుపై అక్షరం ఎత్తు 89 మిల్లీమీటర్లు ఉండాలి. ఎత్తున వెళ్లే పైపు మీది పేరును కింద నిలబడినవారు చదవగలగాలి మరి.

ఆ పేరు ఏ భాషలో ఉండాలన్నది అంతగా చర్చకు రాని అంశం. 2025లో రద్దయిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ చట్టబద్ధమైన ప్రకటనలు ఇంగ్లీషుతో పాటు అధిక సంఖ్యాక కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలని నిర్దేశించింది. పైపుల లేబుళ్ల ప్రస్తావన అందులో లేదు. విశాఖ పరిసరాల కర్మాగారాల్లో తెలుగువారితో పాటు ఒడియా, హిందీ మాట్లాడే కాంట్రాక్టు కార్మికులూ పనిచేస్తారు. ‘నైట్రోజన్’ అన్న మాట ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటే, రాత్రి షిఫ్టులో వాల్వు తిప్పే వ్యక్తికి మిగిలే ఆధారం మళ్లీ ఆ పసుపు రంగే.