సకుటుంబముగా అరకులోయకు

దసరాకో సంక్రాంతికో బడులు మూయగానే ఎక్కడికైనను పోవలెనను కోరిక మన యిండ్లలో మొదట పిల్లలకు పుట్టి, పిదప తల్లికి సోకి, కట్టకడపట తండ్రిని చేరును. అయినను ప్రయాణమునకు సంబంధించిన నిర్ణయములన్నియు ఆ తండ్రియే, తన శక్తిని ప్రమాణముగా గొని, చేయుట పరిపాటి. తెల్లవారుజామున లేచి రాత్రి పదింటివరకు అలుపులేక తిరుగగలవాడు, తనవలెనే డెబ్బది యేండ్ల తల్లియు నాలుగేండ్ల కూతురును తిరుగగలరని తలంచును. తిరిగివచ్చినవారు పది దినములవరకు చెప్పుకొను ప్రయాసలలో అధికభాగమునకు మూలము ఈ తలంపే. ఇంటిల్లిపాదిలో ఎవరు ముందుగా అలయుదురో, ఎవరికి ముందుగా ఆకలి వేయునో, ఎవరు మాటిమాటికి స్నానపుగది వెదకికొనవలసి వచ్చునో, వారి నడకను బట్టి దినమును కొలిచినచో తక్కిన సన్నాహము చాలవరకు దానంతటదే కుదురుకొనును.

హైదరాబాదునుండి అరకులోయకు పోదలచిన యొక కుటుంబమును దృష్టియందుంచుకొందము: దంపతులు, ఎనిమిదేండ్ల కొడుకు, నాలుగేండ్ల కూతురు, నాయనమ్మ, తాతయ్య. వర్షములు వెనుకబట్టి, వలిసె చేలు పూచి, కొండవాలులు పసుపు ఆరబోసినట్లుండు కార్తీక మార్గశిరములు ఆ లోయను చూచుటకు యోగ్యమైన కాలము. రాత్రిబండిలో బయలుదేరి, తెల్లవారుసరికి విశాఖపట్టణమున దిగి, ఆ ఉదయమే కిరండూలు బండి యెక్కి, మధ్యాహ్న భోజనమునకు అరకు చేరవచ్చునని కాగితముమీద లెక్క చక్కగా కుదురును. రాత్రిబండి గంటసేపు ఆలస్యమైనచో ఆ లెక్కయంతయు కూలిపోవును. సకాలమునకే వచ్చినను, నిద్రచాలని పిల్లలను, నడుము పట్టుకొన్న పెద్దలను ఒక ప్లాట్‌ఫారమునుండి మరియొక ప్లాట్‌ఫారమునకు తరుముట దయగల పని కాదు. ఒక దినము విశాఖలోనే ఆగి, సాయంకాలము పిల్లలను రామకృష్ణా బీచి ఇసుకలో ఆడుకొననిచ్చి, మరునాడు తాపీగా కొండ యెక్కుట మేలు.

బైలదిల్లా కొండలలోని ఇనుపఖనిజమును విశాఖ రేవునకు దింపి జపానునకు ఎగుమతి చేయుటకై 1960ల దశకమున వేసిన ఆ రైలుదారి, నేడు యాత్రికులకే యెక్కువ ప్రియమైనది. బండి పదులకొలది సొరంగములలో దూరి వెలువడుచు, సముద్రమట్టమునకు దాదాపు 1,000 మీటర్ల యెత్తుననున్న శిమిలిగుడ స్టేషనును దాటి లోయలోనికి దిగును. 2017లో దీనికి అద్దాల పైకప్పుగల విస్టాడోమ్ పెట్టెను తగిలించిరి. అందు సీట్లు కొద్ది, కోరువారు పెక్కుమంది. పోవునపుడు రైలునందును, వచ్చునపుడు కారునందును ప్రయాణించుట నా దృష్టిలో ఉత్తమము. ఘాట్‌రోడ్డు మలుపులలో కడుపు త్రిప్పు పిల్లలకు రైలుదారిన ఆ బాధ చాలవరకు ఉండదు. మరలివచ్చునపుడు కారు మన చెప్పుచేతలలో ఉండును గావున కావలసినచోట ఆపుకొని, దారిలోనే అనంతగిరి కాఫీతోటలను, బొర్రా గుహలను చూడవచ్చును. గుహలలో మెట్లు అనేకములు, పలుచోట్ల తడిగానుండును. మోకాళ్ల నొప్పిగల నాయనమ్మను బలవంతముగా దింపి, పిమ్మట ఇరువురు పట్టి యెక్కించుటకంటె, ఆమెకు పైననే నీడలో కూర్చుండు చోటు చూపి, తోడుగా ఒకరిని విడుచుట గౌరవప్రదము. అచటి అంగళ్లలో బొంగులో చికెన్ కాల్చు విధమును చూచుచు ఆమెకు పొద్దు సుఖముగానే గడచును.

ఇక టికెట్ల మాట. 2024 నవంబరు 1 నుండి రైల్వేవారు ముందస్తు రిజర్వేషను గడువును 120 దినములనుండి 60 దినములకు తగ్గించిరి. ప్రయాణదినమును విడిచి లెక్కించి, ఉదయము 8 గంటలకు రిజర్వేషను తెరచు దినమును పంచాంగముమీద ముందే గుర్తుపెట్టుకొనవలెను. మిగుల ఉపయోగకరమైనదియు, పలువురెరుగనిదియు నగు విషయమొకటి కలదు. 60 ఏండ్లు నిండిన పురుషులకును, 45 ఏండ్లు నిండిన స్త్రీలకును క్రింది బెర్తులు కొన్ని ప్రత్యేకముగా నుంచబడినవి. కాని ఆ వసతి, అట్టివారు ఒంటరిగానో ఇద్దరుగానో టికెట్టు తీసికొన్నప్పుడే వర్తించును. ఆరుగురిని ఒకే టికెట్టులో చేర్చినచో తాతయ్యకు పైబెర్తు దక్కి, రాత్రి పదింటికి పెట్టెలో ప్రతివారిని క్రింది చోటుకై వేడుకొనవలసివచ్చును. పెద్దలిద్దరికి వేరు టికెట్టు తీసికొనుడు. వారొక పెట్టెలోను మనమొక పెట్టెలోను పడు అవకాశము లేకపోలేదుగాని, మెట్లెక్కలేనివారిని మెట్లెక్కించుటకంటె అది చిన్న కష్టము. అయిదేండ్లు నిండని కూతురికి ప్రత్యేకముగా బెర్తు కోరనియెడల టికెట్టు అక్కరలేదు. కొడుకునకు బెర్తు వలదన్నచో సగము ఛార్జీ, కావలెనన్నచో పూర్తి ఛార్జీ. ఖర్చు కలిసివచ్చునని సగము ఛార్జీకి ఆశపడిన తల్లిదండ్రులు ఆ రాత్రి వాని మోచేతులకు, మోకాళ్లకు మూల్యము చెల్లింతురు.

దారిభోజనమున మన తల్లులకు శిక్షణ అవసరము లేదు. చింతపండు పులిహోర మరునాటి ఉదయమువరకు చెడదు. కొబ్బరిపచ్చడి సాయంకాలమునకే పులియును. పెరుగన్నము కావలెనన్నచో, మెత్తగా వండిన అన్నమున కాచి చల్లార్చిన పాలు సమృద్ధిగా పోసి, చిన్న చెంచాడు పెరుగు కలిపి కట్టవలెను. తినువేళకు అది కమ్మగా తోడుకొని యుండును. అరిటాకును సెగమీద వాడ్చి కట్టినచో పొట్లము చినుగదు. జంతికలు, సున్నుండలు ఎన్ని కట్టినను మిగులవు. ఇంతకును నేనొక్క మనవి చేయుదును: బయలుదేరుటకు ముందటి రాత్రి పండ్రెండింటివరకు ఆ యింటి యిల్లాలిని పొయ్యివద్ద నిలుపకుడు. పిండివంటలు రెండు దినములముందే ముగించి, ఆ రాత్రికి వంటపని నిలిపివేసినచో ప్రయాణము ఆమెకును సెలవుగానే యుండును.

మందులను రెండు భాగములు చేసి, ఒకటి చేతిసంచిలో, మరియొకటి పెట్టెలో నుంచవలెను. సంచి పోయినను మాత్ర పోకూడదు. తాతయ్య రక్తపోటు మాత్రలు ప్రయాణ దినములకంటె మూడు నాలుగు దినములకు అధికముగా నుండవలెను. వైద్యుని చీటీ ఫొటో ఇద్దరి ఫోనులలో నుండుట మంచిది. వాంతిని నివారించు మాత్ర బండి యెక్కుటకు అరగంటకో గంటకో ముందు వేసికొన్నప్పుడే పనిచేయును, వాంతి మొదలైన పిదప దానివలన ఫలము స్వల్పము. పిల్లలకు వైద్యుని అడుగక ఈయరాదు. ఓఆర్ఎస్ పొట్లమును దానిమీద వ్రాసినంత నీటిలోనే కలుపవలెను. సగము పొట్లమును గ్లాసెడు నీటిలో అందాజుగా కలుపుట మన యిండ్లలో సాధారణముగా జరుగు తప్పు. అరకు ఏజెన్సీ ప్రాంతము. దోమలవలన మలేరియా భయము గలచోటు గావున సాయంకాలమునుండి నిండుచేతుల చొక్కాలు, దోమలనుండి రక్షించు లేపనము తప్పనిసరి. మార్గశిర పుష్యములలో రాత్రివేళ అచట చలి 10 డిగ్రీలకు లోబడును. మైదానమువారు పగటి యెండను చూచి మోసపోయి, మంకీటోపీలు, ఉన్నిబట్టలు ఇంట విడిచి వచ్చి, రాత్రి తువ్వాళ్లు కప్పుకొందురు.

సామాను విషయమున సూత్రమొక్కటి చాలును: ఎవరి పెట్టె వారు మోయగలిగినంతే. కొండదారులలో ఫోను పలుచోట్ల మూగవోవును. కొంత నగదును, బసచేయు చోటి చిరునామా వ్రాసిన కాగితమును దగ్గర నుంచుకొనుడు. పిల్లల జేబులలో తండ్రి ఫోను నంబరుగల చీటీ ఉంచి, తప్పిపోయినచో ఎక్కడివారక్కడనే నిలువవలెనని ముందే నేర్పుడు.

ఇల్లు విడుచునపుడు గ్యాసు రెగ్యులేటరు కట్టి, కుళాయిలు పరికించి, పాలవానికి, పేపరువానికి చెప్పవలెను. గుమ్మము ముందు నాలుగు దినముల పేపర్లు పడియుండుట దొంగలకు ఆహ్వానమే. అటులనే బొర్రా గుహలలో తీసికొన్న ఫొటోలను ఇంటికి చేరిన పిదప లోకమునకు చూపవచ్చును. తులసికోటకు నీళ్లు పోయు బాధ్యతను ప్రక్కయింటి పిన్నిగారికి అప్పగించుచు, తాళముచెవి మరొకటి ఆమెవద్దనే ఉంచి, తిరిగివచ్చు ఉదయమునకు పాలపాకెట్లు తీసి ఫ్రిజ్జులో పెట్టుమని కోరుడు. బడి తెరచుటకు ఒక పూర్తిదినము ముందుగానే ఇల్లు చేరునట్లు తిరుగు టికెట్లు తీసికొన్నచో, విడిచిన బట్టలు ఉతుకుటకును, ఎనిమిదేండ్లవాడు మరచిన హోంవర్కు ముగించుటకును ఆ దినము సరిపోవును.